కొత్త ర్యామ్ వేశాక డెస్క్‌టాప్ మొండికేస్తే...

ఆఫీసుల్లో వాడి తీసేసిన డెస్క్‌టాప్‌లు ఇప్పుడు చాలా ఇళ్లకు చేరాయి. నాలుగో జనరేషన్ ఐ3 లేదా ఐ5 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్. కొన్నప్పుడు బాగానే నడుస్తాయి. పిల్లల ఆన్‌లైన్ పాఠం ఒకపక్క, బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు మరోపక్క తెరిస్తే నత్తనడక మొదలవుతుంది. ఇంట్లోనే ఇన్‌పేజ్‌లో ఉర్దూ, అను స్క్రిప్ట్‌లో తెలుగు టైపు చేసి పెళ్లి కార్డులు తయారుచేసే వాళ్లకైతే ఒక్కో ఫైలు తెరుచుకునేలోపు చాయ్ చల్లారిపోతుంది. ‘ర్యామ్ పెంచండి’ అని ఎవరిని అడిగినా చెబుతారు. చాలాసార్లు ఆ మాట నిజమే.

అసలు చిక్కు ర్యామ్ తెచ్చి వేశాక మొదలవుతుంది. కంప్యూటర్ బీప్ బీప్ మంటుంది, తెర నల్లగానే ఉంటుంది. లేదా 8 జీబీ వేస్తే 4 జీబీయే కనిపిస్తుంది. అంతా బాగుందనుకున్న రెండు రోజులకు నీలి తెర వస్తుంది. 2025 చివరి నెలల నుంచి మెమరీ ధరలు బాగా పెరగడంతో చాలామంది సెకండ్ హ్యాండ్ స్టిక్‌ల వైపు చూస్తున్నారు. తప్పు స్టిక్ కొంటే వాపసు తీసుకునే దుకాణాలు తక్కువ.

ఇంకో మాట ముందే తెలుసుకోవాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 కోసమని నాలుగో జనరేషన్ కంప్యూటర్‌లో ర్యామ్ పెంచితే లాభం లేదు. దానికి ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ ప్రాసెసర్, టీపీఎం 2.0 కావాలన్నది కంపెనీ నిబంధన. 16 జీబీ వేసినా ఆ నిబంధన మారదు.

స్టిక్కర్ మీదే సగం జవాబు

“అన్నీ ఒకటే భాయ్, పడుతుంది” అనే దుకాణదారు మాట కంటే పాత స్టిక్ మీద ఉన్న స్టిక్కర్ నమ్మకమైనది. అందుకే కొనడానికి వెళ్లేటప్పుడు పాత స్టిక్‌ను వెంట తీసుకెళ్లాలి. కనీసం దాని ఫోటో అయినా ఫోన్‌లో ఉండాలి.

స్టిక్కర్ మీద పీసీ3 అని ఉంటే అది డీడీఆర్3, పీసీ4 అని ఉంటే డీడీఆర్4, పీసీ5 అని ఉంటే డీడీఆర్5. ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి దిగదు. డీడీఆర్3కు 240 పిన్నులు, డీడీఆర్4కు 288. డీడీఆర్5కూ 288 పిన్నులే, కానీ మధ్యలో ఉండే గాటు జాగా వేరు. గాటు కలవకపోతే అక్కడితో ఆపేయాలి. బలంగా నొక్కితే స్లాట్ విరుగుతుంది, ఆ తర్వాత బోర్డే మార్చాల్సి వస్తుంది.

పీసీ3 తర్వాత ‘ఎల్’ అక్షరం ఉంటే 1.35 వోల్టులతో నడిచే డీడీఆర్3ఎల్ అని అర్థం. ‘ఎల్’ లేకపోతే 1.5 వోల్టులు. డీడీఆర్3ఎల్ స్టిక్‌ను 1.5 వోల్టుల బోర్డులో వేసినా మామూలుగా నడుస్తుంది. తిరగేసి వేయడమే ప్రమాదం. ఆరో జనరేషన్ ప్రాసెసర్ల కోసం డీడీఆర్3 స్లాట్‌లతో కొన్ని బోర్డులు వచ్చాయి. వాటిలో 1.5 వోల్టుల స్టిక్ వాడితే ప్రాసెసరే దెబ్బతినవచ్చని ఇంటెల్ హెచ్చరించింది.

అంకెల సంగతి సులువే. డీడీఆర్3లో 12800 అంటే 1600 వేగం, 10600 అంటే 1333. డీడీఆర్4లో 2400, 2666, 3200 అని నేరుగానే రాసి ఉంటుంది. అంకె పక్కన ఉండే అక్షరాన్ని చాలామంది చూడరు, అసలు మోసం జరిగేది అక్కడే. డీడీఆర్3లో వేగం అంకెకు అంటుకుని ‘యూ’ ఉంటే మామూలు డెస్క్‌టాప్ స్టిక్. ‘ఎస్’ ఉంటే ల్యాప్‌టాప్‌ది, పొడవు తక్కువ కాబట్టి చూడగానే తెలిసిపోతుంది. ‘ఆర్’ ఉంటే సర్వర్ స్టిక్. ఇది డెస్క్‌టాప్ స్టిక్ అంత పొడవే ఉంటుంది, స్లాట్‌లోనూ చక్కగా దిగుతుంది, కానీ మామూలు డెస్క్‌టాప్ దాన్ని గుర్తించదు. డీడీఆర్4 స్టిక్కర్‌లో ఇదే అక్షరం కొంచెం ముందుకు జరిగి, వేగం తర్వాత వచ్చే గీత అవతల ఉంటుంది. పాత సర్వర్‌ల నుంచి తీసిన 16 జీబీ స్టిక్‌లు మార్కెట్‌లో చౌకగా దొరుకుతాయి. ధర చూసి ఆశపడే ముందు ఆ ఒక్క అక్షరం చూసుకోవాలి.

ఆన్‌లైన్‌లో ‘ఏఎండీకి మాత్రమే’ అని చిన్న అక్షరాల్లో రాసి అమ్మే పాత తరం స్టిక్‌లు కూడా ఇలాంటివే. వాటిలో చిప్‌ల అమరిక వేరుగా ఉంటుంది, ఇంటెల్ బోర్డుల్లో అవి పనిచేయవు.

బోర్డు ఎంతవరకు మోస్తుంది?

స్లాట్ ఖాళీగా ఉన్నంత మాత్రాన ఎంతైనా వేయొచ్చని కాదు. డెల్ ఆప్టిప్లెక్స్ 3020కి రెండే స్లాట్‌లు, గరిష్ఠంగా 16 జీబీ. అంటే ఒక్కో స్లాట్‌కు 8 జీబీ. అదే మోడల్‌లో చేతిలో పట్టేంత చిన్నదిగా వచ్చే మైక్రో పెట్టెకైతే ల్యాప్‌టాప్ స్టిక్ కావాలి. పేరు ఒకటే అయినా కావలసిన సరుకు వేరు. మోడల్ పేరు కొట్టి కంపెనీ మాన్యువల్‌లో మెమరీ పేజీ చూస్తే ఇవన్నీ తెలుస్తాయి. అయిదు నిమిషాల పని.

ఇంకా పాత జీ41 చిప్‌సెట్ బోర్డులతో మాత్రం మాన్యువల్ చూసినా తేలని తలనొప్పి ఉంది. డీడీఆర్3 వేసుకునే ఈ బోర్డులు మొత్తం 8 జీబీ వరకే మోస్తాయి. అందులోనూ 4 జీబీ స్టిక్ అయితే రెండు వైపులా కలిపి 16 చిప్‌లు ఉన్నదే కావాలి. ఒకే వైపు 8 చిప్‌లతో వచ్చే కొత్తరకం 4 జీబీ స్టిక్ వేస్తే బోర్డు లేవదు, లేకపోతే సగం మెమరీయే చూపిస్తుంది. స్టిక్‌లో లోపమేమీ ఉండదు, వేరే కంప్యూటర్‌లో హాయిగా నడుస్తుంది. దుకాణదారుకూ కొన్నవాళ్లకూ గొడవ జరిగేది ఇలాంటి చోటే. ఇద్దరి మాటా నిజమే అవుతుంది.

వేగం తగ్గి కనిపిస్తే మాత్రం కంగారు పడక్కర్లేదు. పాత 1333 స్టిక్ పక్కన 1600 స్టిక్ వేస్తే రెండూ 1333 దగ్గరే నడుస్తాయి. 3200 డీడీఆర్4 స్టిక్‌ను ఐ3 8100 ప్రాసెసర్‌తో వాడితే 2400 వద్ద ఆగుతుంది, ఎందుకంటే ఆ ప్రాసెసర్ హద్దు అంతే. 4 జీబీ, 8 జీబీ కలిపి వేసినా చాలా బోర్డుల్లో 12 జీబీ సక్రమంగా వస్తుంది. సీపీయూ-జడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చూసి ‘1600 అని అమ్మి 800 ఇచ్చారు’ అని దుకాణానికి పరుగెత్తేవాళ్లూ ఉన్నారు. ఆ సాఫ్ట్‌వేర్ చూపించేది అసలు గడియారం వేగం. డీడీఆర్ అంటేనే దానికి రెట్టింపు, కాబట్టి 800 కనిపిస్తే 1600 ఉన్నట్టే.

తెర నల్లగా ఉంటే

ముందు స్విచ్ ఆపి ప్లగ్ పూర్తిగా పీకేయాలి. తర్వాత పవర్ బటన్‌ను పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకి, ఆ తర్వాతే స్టిక్‌ను అంచులు పట్టుకుని తీయాలి. తివాచీ మీద కూర్చుని ఈ పని చేయకూడదు, ఒంట్లో పుట్టే స్టాటిక్ కరెంటు చిప్‌ను చంపేస్తుంది.

ఎక్కువ కేసుల్లో కారణం చిన్నదే, స్టిక్ పూర్తిగా దిగి ఉండదు. కొత్తవాళ్లు విరుగుతుందేమోనని భయపడి సగమే నొక్కుతారు. గాటు సరిగ్గా కలిసిందని చూసుకున్నాక రెండు చివర్లా బొటనవేళ్లతో గట్టిగా, నిటారుగా నొక్కాలి. పక్క క్లిప్పులు టక్కుమని వాటంతటవే మూసుకోవాలి. కొన్ని బోర్డులకు క్లిప్పు ఒకవైపే ఉంటుంది.

స్టిక్ కింద బంగారు రంగు పట్టీల మీద మసి ఉంటే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దడం మన దుకాణాల్లో అందరూ చేసే పనే. రబ్బరు పొడి ఒక్కటి కూడా స్లాట్‌లో పడకూడదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరికితే అదే మేలు. స్లాట్‌లో దుమ్ముంటే పొడి బ్రష్ చాలు, తడిగుడ్డ దగ్గరికి రానివ్వకూడదు.

అయినా లేవకపోతే పాత స్టిక్ ఒక్కటే, పాత స్లాట్‌లో వేసి చూడాలి. లేచిందంటే బోర్డు క్షేమం. ఇప్పుడు దాన్ని తీసి అదే స్లాట్‌లో కొత్త స్టిక్ ఒక్కటే వేయాలి. కొత్తది అక్కడ లేవకపోతే తేడా స్టిక్‌లోనో, బోర్డుకు దానికి జత కుదరకపోవడంలోనో ఉంది. అక్కడ లేచి రెండో స్లాట్‌లో లేవకపోతే తేడా స్లాట్‌ది. రెండూ విడివిడిగా నడిచి కలిపితే నడవకపోతే ఆ రెండింటికీ పొత్తు కుదరడం లేదన్నమాట. ఒక్కసారి ఒక్కటే మార్చాలన్నది ఇక్కడ నియమం. రెండు మూడు మార్పులు కలిపి చేస్తే ఏది కారణమో ఎప్పటికీ తేలదు.

పాత స్టిక్ కూడా లేవకపోతే బయోస్‌ను తొలి స్థితికి తేవాలి. బోర్డు మీద ఉండే సీఆర్2032 గుండ్రటి బ్యాటరీని ప్లగ్ పీకేసి ఉండగానే తీసి, కొన్ని నిమిషాల తర్వాత మళ్లీ పెట్టాలి. ఎక్స్‌ఎంపీ ఆన్ చేశాక కంప్యూటర్ మొండికేసినా మందు ఇదే. మెమరీ దొరకలేదని చాలా బోర్డులు వరుస బీప్‌లతో చెబుతాయి. ఆఫీసు డెస్క్‌టాప్‌లు పవర్ బటన్ దగ్గర పసుపు లైటు మినుకులతో చెబుతాయి. వాటి లెక్క మోడల్‌కో రకం, పట్టిక మాన్యువల్‌లో ఉంటుంది.

కొత్త డీడీఆర్5 కంప్యూటర్‌లో ర్యామ్ మార్చాక మొదటిసారి ఆన్ చేస్తే తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉండవచ్చు. బోర్డు ఆ స్టిక్‌లతో సర్దుబాటు చేసుకుంటున్న సమయమది. ఓపిక లేక మధ్యలో స్విచ్ ఆపితే ఆ పని మళ్లీ మొదటికొస్తుంది.

సగమే కనిపిస్తే

విండోస్ 32 బిట్ అయితే ఎంత వేసినా 4 జీబీ దాటి వాడుకోదు, అందులోనూ మూడు జీబీ పైచిలుకే చేతికొస్తుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్ వివరాల పేజీలో ఇది తెలుస్తుంది. 64 బిట్ విండోస్ కొత్తగా ఎక్కించడం తప్ప దారి లేదు. 64 బిట్ ఉండి కూడా తక్కువ చూపిస్తే ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి బూట్ ట్యాబులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ చూడాలి. అక్కడ ‘మ్యాగ్జిమమ్ మెమరీ’ ఎదుట టిక్ ఉంటే తీసేయాలి. ఎవరో చెప్పిన ‘స్పీడ్ చిట్కా’ నమ్మి పెట్టిన టిక్ అది. గ్రాఫిక్స్ కోసం కొంత మెమరీ పక్కకు పోవడం మాత్రం మామూలే.

బయోస్‌లో కూడా ఒక స్టిక్ కనిపించకపోతే విండోస్ తప్పు కాదు. ఈ మధ్య ప్రాసెసర్ గానీ ఫ్యాన్ గానీ విప్పి బిగించారా అని గుర్తు చేసుకోవాలి. సాకెట్‌లో ఒక్క పిన్ను వంగినా ఒక వైపు స్లాట్‌లు పనిచేయడం మానేస్తాయి. ఇది ఇంట్లో సరిచేసే మరమ్మతు కాదు.

నడుస్తున్నట్టే ఉండి ముంచేది

అసలు లేవని ర్యామ్ కంటే సగం చెడిన ర్యామ్ ప్రమాదకరం. కంప్యూటర్ ఆన్ అవుతుంది, పని జరుగుతుంది. కానీ ఫైలు డిస్క్‌కు వెళ్లే దారిలో మెమరీ గుండా వెళ్తుంది. అక్కడ ఒక్క బిట్ తారుమారైతే తప్పు కాపీయే డిస్క్ మీద స్థిరపడుతుంది. ఫోన్ నుంచి ఎక్కించిన నికా ఫోటోల్లో అడ్డ చారలు, స్కాన్ చేసి దాచిన సర్టిఫికెట్ పీడీఎఫ్ తెరుచుకోకపోవడం, డౌన్‌లోడ్ చేసిన జిప్ ఫైలు పాడైందని పదేపదే రావడం దీని గుర్తులు. ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అని నీలి తెర రావడమూ అంతే. ఇవి కనబడితే ఆ కంప్యూటర్‌లోకి కొత్త ఫోటోలు ఎక్కించడం వెంటనే ఆపాలి. ఫోన్‌లో ఉన్నవాటిని చెరిపేయకూడదు. కొత్త స్టిక్ తీసేసి, పాత స్టిక్‌తోనే ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్క్‌లోకి తీసుకోవాలి.

ఆ తర్వాత పరీక్ష. విండోస్‌లోనే మెమరీ డయాగ్నోస్టిక్ ఉంది, పైపైన చూడటానికి సరిపోతుంది. గట్టిగా తేల్చేది పెన్‌డ్రైవ్ నుంచి నడిచే మెమ్‌టెస్ట్86. ఉచిత కూర్పు నాలుగు రౌండ్లు తిప్పుతుంది, రాత్రి పెట్టి పడుకుంటే పొద్దునకు ఫలితం ఉంటుంది. ఎక్స్‌ఎంపీ ఆపేసి, ఒక్కో స్టిక్‌ను విడిగా పరీక్షించాలి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ స్టిక్‌ను నమ్మకూడదు, ‘ఒకటే కదా’ అనే లెక్క ఇక్కడ కుదరదు. స్లాట్ మార్చినా ఎర్రర్ స్టిక్ వెంటే వస్తే చెడింది స్టిక్. స్టిక్ మార్చినా ఎర్రర్ అదే స్లాట్‌లో వస్తే అనుమానం బోర్డు మీద.

ఎర్రర్ కనిపించిన తెరను ఫోటో తీసి పెట్టుకుంటే దుకాణంలో మాట నెగ్గుతుంది. సెకండ్ హ్యాండ్ స్టిక్ కొనేటప్పుడే ‘నా బోర్డులో పట్టకపోతే వారం లోపల మార్చివ్వాలి’ అని రసీదు మీద రాయించుకోవాలి, కంప్యూటర్ మోడల్ పేరు కూడా అందులోనే ఉండాలి. కొత్త స్టిక్‌లకు చాలా కంపెనీలు ఏళ్ల తరబడి వారంటీ ఇస్తాయి. బిల్లు పోయినా, స్టిక్కర్ చినిగినా ఆ వారంటీ దక్కడం కష్టం. అందుకే శుభ్రం చేసేటప్పుడు స్టిక్కర్‌ను గీకకూడదు.