విషయసూచిక కథ

వేలకొలది పత్రికలు కంప్యూటరులో నున్నవి, వెదకుకొమ్మని బడిపిల్లవానికి చెప్పినంతమాత్రమున వానికి గ్రంథాలయము తెరచినట్లు కాదు. ఈ చిక్కు చాల పాతది.

1847లో అమెరికాలోని యేల్ కళాశాలలో విలియం ఫ్రెడరిక్ పూల్ అను విద్యార్థి ఒక సాహిత్య సమాజపు గ్రంథాలయమున పనిచేయుచుండెను. తోటి విద్యార్థులు వ్యాసములకు, చర్చలకు కావలసిన విషయములను గూర్చి నిత్యము అడుగుచుండిరి. వానిపై చక్కని రచనలున్న పత్రికల సంపుటములు అరలలోనే యున్నవి; తాకువారు లేరు. ఎందులో నేమున్నదో తెలిసిననే గదా! పూల్ ఆ సంపుటములన్నియు తిరగవేసి విషయసూచిక వ్రాసెను. చేతులు మారి మారి వ్రాతప్రతి నలిగిపోగా, 1848లో 154 పుటల పుస్తకముగా అచ్చువేయవలసివచ్చెను. నేటి పరిశోధన డేటాబేసులకు మూలపురుషుడుగా మేమెంచునది ఈ కుఱ్ఱవానినే.

అయితే పూల్ చాలవరకు శీర్షికలలోని మాటలనే పట్టుకొనెను. అందుచే ఒకే విషయము రెండు పేర్లతో రెండుచోట్ల పడెడిది. 1901లో హెచ్. డబ్ల్యూ. విల్సన్ ప్రారంభించిన 'రీడర్స్ గైడ్' విషయమున కొక పేరు నిర్ణయించి, తక్కిన పేర్లకడ 'అచ్చట చూడుడు' అని దారి చూపెను. అమెరికా ఉన్నత పాఠశాలలలో ఎన్నో తరములవారు దీనితోనే వెదకుట నేర్చిరి.

1995లో జార్జియా రాష్ట్రమున మొదలైన 'గెలీలియో' పథకము డేటాబేసులను ఆన్‌లైనులో అందించి, పిమ్మట బడులకును విస్తరించెను. ఏ బడియు ఒంటరిగా మోయజాలని చందాలవి. అయినను పిల్లవాడు 'గుండెపోటు' అను వాడుకమాటతో వెదకునపుడు, వైద్యసూచికలో నది 'మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్' క్రింద నుండును. దొరికిన ఒక మంచి వ్యాసము క్రిందనున్న విషయశీర్షికను గుర్తించి, దానితో మరల వెదకుమని చెప్పవలసినవాడు లైబ్రేరియను. చందాలకు సొమ్మిచ్చి అతని కొలువునకు ఈయకుండుట మాకు అర్థము కాని లెక్క.