వాల్వు మీద బరువు

సేఫ్టీ వాల్వు మొదట పుట్టింది వంటపాత్ర మీద. రైలింజన్లు, ఓడల బాయిలర్లు ఆ తర్వాతి మాట. 1679లో లండన్‌లో ఉంటున్న డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి వైద్యుడు ఒక మందపాటి లోహపు పాత్రకు ఆవిరి పోకుండా మూత బిగించి, అందులో ఎముకలు ఉడికించాడు. దానికి డైజెస్టర్ అని పేరు పెట్టాడు. ఎముకల్లోని సారం కూడా వృథా కాకుండా మనిషికి తిండి కావాలని ఆయన తపన. లోపల ఆవిరి మితిమీరకుండా మూతలో చిన్న రంధ్రం చేసి, దాని మీద ఒక బిళ్ళ, బిళ్ళను నొక్కిపట్టే మీట, మీట చివర ఒక బరువు అమర్చాడు. ఒత్తిడి హద్దు దాటితే బిళ్ళ లేస్తుంది, ఎక్కువైన ఆవిరి బయటికి పోతుంది. 1681లో ఈ పాత్ర గురించి పుస్తకం అచ్చువేశాడు. 1682 ఏప్రిల్ 12న రాయల్ సొసైటీ అనే శాస్త్రజ్ఞుల సంఘం సభ్యులకు అందులో వండిన విందు పెట్టాడు. ఆ విందుకు వెళ్ళిన జాన్ ఎవెలిన్ ఆ సంగతి తన డైరీలో రాసుకున్నాడు.

మన కుక్కర్ల మీద కూర్చునే విజిలు ఆ బరువుకు వారసురాలే.

హోటళ్ళకు, హాస్టళ్ళకు, కల్యాణ మండపాలకు స్టీమ్ వంటసామాను బిగించి, బాగుచేసే పనిలో నేను బతికాను. విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డు. మా షెడ్డుకు వచ్చిన బాయిలర్లలో వాల్వు దానంతట అది చెడిపోయినవి తక్కువ. ఎవరో చెయ్యి పెట్టి చెడగొట్టినవే ఎక్కువ. ఈ అలవాటు ఎప్పటిదని వెతుక్కుంటూ పోతే పాపిన్ దగ్గరికే వెళ్ళి ఆగాను. ఆయన మీటలో ఒక లోటుంది. ఆ బరువు అందరి చేతికీ అందుతుంది. దాని పక్కన ఇంకో బరువు తగిలించడానికి ఏ చదువూ అక్కర్లేదు. ఆ తర్వాతి చరిత్రంతా ఆ చేతికీ ఈ వాల్వుకీ మధ్య జరిగిన పోరు.

1803 సెప్టెంబరులో లండన్ పక్కన గ్రీనిచ్‌లో ఒక పిండిమర కడుతున్నారు. అక్కడ నీళ్ళు తోడడానికి రిచర్డ్ ట్రెవితిక్ తయారుచేసిన హై ప్రెజర్ ఇంజను పెట్టారు. దాన్ని కనిపెట్టుకుని ఉండాల్సిన కుర్రాడు చేపలు పట్టుకోవడానికి పోతూ ఒక కూలీకి అప్పజెప్పాడు. ఇంజను మరీ వేగంగా తిరుగుతోందని ఆ కూలీ ఆపేశాడు. వాల్వు మీట లేవకుండా ఒక స్పానరు బిగించి ఉంది. దాన్ని మాత్రం తియ్యలేదు. కాసేపటికి బాయిలరు పగిలింది. ముగ్గురు అక్కడికక్కడే పోయారు, నాలుగో మనిషి గాయాలతో తర్వాత చనిపోయాడు. ఆ దెబ్బతో ట్రెవితిక్ తన బాయిలర్లకు రెండేసి వాల్వులు, ఒక సీసపు ప్లగ్గు పెట్టడం మొదలుపెట్టాడు. నీరు తగ్గి లోహం కాగిపోతే సీసం కరిగి, ఆ రంధ్రంలోంచి ఆవిరి పోతుంది. మన కుక్కరు మూతకు ఉండే, పోయినప్పుడు పాతిక యాభై పెట్టి మార్పించుకునే ఆ చిన్న బిళ్ళ వెనక ఈ నలుగురి చావు ఉంది.

అమెరికాలో ఇదే కథ నదుల మీద నడిచింది. 1838 ఏప్రిల్ 25న సిన్సినాటి దగ్గర మోసెల్ అనే స్టీమరు వేగంలో పేరు కొట్టాలని, ఒడ్డున ఆగినప్పుడు కూడా ఆవిరి వదలకుండా బిగబట్టి ఉంచింది. కదిలీ కదలగానే బాయిలర్లు పేలి వందమందికి పైగా పోయారు. చివరికి 1852 చట్టంలో అక్కడివాళ్ళు ఒక వాల్వును ఓడ సిబ్బంది చేతికి అందకుండా పెట్టి తీరాలని రాసుకున్నారు. ఇంగ్లండులో రైలు డ్రైవర్లు వాల్వు స్ప్రింగును బిగించి బండిని లాగించడం చూసి, 1855లో జాన్ రామ్స్‌బాటమ్ అనే ఇంజనీరు ఒకే స్ప్రింగు కింద రెండు వాల్వులు అమర్చాడు. ఎవరైనా మీటను నొక్కి ఒకదాన్ని బిగిస్తే రెండోది తేలికై తెరుచుకుంటుంది. ఇనుము మోసం చెయ్యదు, చెయ్యి చేస్తుందని ఆ తరం ఇంజనీర్లకు అర్థమైపోయింది.

మన దేశంలోనూ చట్టం చావు వెనకే వచ్చింది. 1863లో కలకత్తాలో బాయిలరు పేలి పలువురు చనిపోయాక, 1864లో బెంగాల్‌లో బాయిలర్ల తనిఖీకి చట్టం చేశారు. దేశమంతటికీ 1923లో ఇండియన్ బాయిలర్స్ యాక్టు వచ్చింది. సేఫ్టీ వాల్వు పనిచెయ్యకుండా దాంతో చెలగాటమాడడం నేరమని ఆ చట్టం 24వ సెక్షన్‌లో రాశారు. 2007లో ఆ చట్టాన్ని సవరించారు. 2025లో దాని స్థానంలో కొత్త బాయిలర్ల చట్టం తెచ్చారు.

ఇంత చరిత్ర దాటి ఆవిరి మళ్ళీ వంటింటికే వచ్చింది. 2002లో తిరుమలలో సూర్యరశ్మితో ఆవిరి పుట్టించి వండే ఏర్పాటు పెట్టినప్పుడు మా వృత్తివాళ్ళం ఎంత సంబరపడ్డామో! 106 అద్దాల పళ్ళేలు, రోజుకు దాదాపు నాలుగు టన్నుల ఆవిరి, చదరపు సెంటీమీటరుకు 10 కిలోల ఒత్తిడి, 15 వేల మందికి భోజనం. అంత ఒత్తిడిని అదుపులో పెట్టుకుని వేలమందికి అన్నం పెట్టవచ్చు, వాల్వులను వాటి పని వాటిని చెయ్యనిస్తే.

మామూలు హోటల్లో ఏం జరుగుతుందో చెబుతాను. బోరు నీళ్ళు పోస్తారు. బాయిలరు లోపల సున్నం పేరుకుంటుంది. వాల్వు కూర్చునే అంచు మీద కూడా ఆ సున్నం చేరి, బిళ్ళ సరిగా ఆనక ఆవిరి కారుతుంది. పొద్దున్నే ఇడ్లీకి జనం నిలబడి ఉంటారు. గ్యాసు వృథా అవుతోందని ఓనరు గొణుగుతాడు. ఓ ఊళ్ళో వంటమాస్టరు నన్ను పట్టుకుని, "రెంచి పెట్టి రెండు చుట్లు బిగించు బాబాయ్, ఊరికే బుస్సుమంటోంది" అన్నాడు. "కాదు నాయనా, విప్పి సున్నం గీకాలి, అరగంట పని" అన్నాను. అతను చెడ్డవాడు కాదు. ఆ అరగంట అతనికి ఎవరూ ఇవ్వలేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. సరిగా పనిచేస్తున్న వాల్వు చూసేవాళ్ళకు పాడైనదానిలా కనిపిస్తుంది. ఆవిరి వదులుతోందంటే ఒత్తిడి హద్దు దాటి ఉండాలి, లేదా అంచున మురికి చేరి ఉండాలి. ఒకదానికి మంట తగ్గించాలి, రెండోదానికి శుభ్రం చెయ్యాలి. రెండింటికీ బిగించడం మందు కాదు.

ఒక హాస్టలు వంటశాలలో పెద్ద కుక్కరు ప్లగ్గు పోయిన చోట బోల్టు బిగించి, చుట్టూ ఎం-సీల్ మెత్తి ఉండగా చూశాను. ఇంకోచోట ఇడ్లీ పెట్టె నుంచి ఆవిరి పోయే గొట్టంలో గుడ్డ కుక్కారు, పెట్టె త్వరగా వేడెక్కుతుందని. ఆవిరి లేని మిషన్లదీ ఇదే దారి. పిండి కలిపే మిషనుకు జాలీ తెరిస్తే ఆగిపోయేలా స్విచ్చి ఉంటుంది. నడుస్తుండగానే పిండి వెయ్యడానికి వీలుగా ఆ స్విచ్చిని వైరుతో కట్టేస్తారు. అలా కట్టేసిన మిషనులో చెయ్యి పడి వేళ్ళు పోగొట్టుకున్న ఒక కుర్రాణ్ణి నేనెరుగుదును. వాడి వయసుకు వాడు ఆ పనిలోనే ఉండకూడదు.

లెక్క చెబితే నమ్ముతారు. ఇడ్లీ పెట్టె తలుపు 60 సెంటీమీటర్ల చదరం అనుకుందాం. లోపల ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు పదోవంతు కిలో చేరినా ఆ తలుపు మీద 360 కిలోల తోపు పడుతుంది. ఒక కిలో ఒత్తిడిలో నీరు మరిగేది 120 డిగ్రీల దగ్గర. ఆ స్థితిలో వంద లీటర్ల నీరున్న బాయిలరు పగిలితే మూడున్నర కిలోలకు పైగా నీరు ఒక్కసారిగా ఆవిరై, దాదాపు 6,000 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. మిగిలిన నీరు మరుగుతూనే మనుషుల మీద పడుతుంది. ఇరుకు వంటింట్లో తప్పుకునే దారి ఉండదు.

ఇక్కడ అందరూ తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. 2007 సవరణ తర్వాత 25 లీటర్లకు తక్కువ పట్టేవి, ఒక కిలోకు తక్కువ ఒత్తిడితో నడిచేవి పాత బాయిలరు చట్టం లెక్కలోకి రాలేదు. హోటళ్ళలో ఇడ్లీ ఉడికించే చిన్న బాయిలర్లు చాలావరకు ఈ మినహాయింపులోనే నడిచాయి. అంటే వాటిని చూడడానికి ఏ ఇన్‌స్పెక్టరూ రాలేదు. అక్కడ ఇన్‌స్పెక్టరు ఓనరే, వంటమాస్టరే, అక్కడ పనిచేసే కుర్రాడే.

అందుకే ఓనర్లను చేతులెత్తి అడుగుతున్నాను. వాల్వు, ప్లగ్గు, గేజి, జాలీ, స్విచ్చి, వీటిలో ఏ ఒక్కదాన్నీ మార్చకండి, కట్టకండి, మూయకండి. పోతే అదే కంపెనీ భాగం తెచ్చి వెయ్యండి, అది వచ్చేదాకా ఆ మిషను ఆపండి. వారానికి ఒక పూట సున్నం గీకడానికి మనిషినీ, సమయాన్నీ ఇవ్వండి. వాల్వు బిగించనన్న వంటమాస్టరును కోప్పడకండి, ఆ పూట మీ హోటలును కాపాడింది అతనే. బిగించమని మీరే చెబితే, ఆ తర్వాత జరిగేదానికి బాధ్యత మీదే.