మట్టిగోడల విద్య

బిలాస్‌పూరు రైలు కూడలికి ఉత్తరమున, కొండలును అడవులును గల సర్గుజా సీమలో పుహ్‌పుత్రా యను పల్లె యున్నది. పంట యింటికి వచ్చిన పిమ్మట గోడలను క్రొత్తగా అలికి, మట్టితో అలంకరించుట ఆ ప్రాంతపు రజ్వార్ స్త్రీల పూర్వాచారము. సోనాబాయి రజ్వార్ ఆ కులమున బుట్టినదే. కాని పదిమందితో కలసి పనిచేయు భాగ్యము ఆమెకు చిరకాలము లేకపోయెను. భర్త విధించిన ఏకాంతములో ఆమె సుమారు పదునైదేండ్లు గడపెను.

పసివాడైన కుమారునికి మట్టిబొమ్మలు చేయుటతో ఆమె శిల్పము ఆరంభమైనది. గురువు లేడు. పక్షులను, పశువులను, మనుష్యులను గోడలపై నిలిపెను. చీల్చిన వెదురును వలయములుగా వంచి, మట్టి మెత్తి, గాలిని వెలుతురును లోనికి రానిచ్చు జాలీలు కట్టెను. ఆ యింటిని చూచినవారు మాత్రము బహు స్వల్పము.

1983లో భోపాలులోని భారత్ భవన్ తరఫున వచ్చిన కళాన్వేషకులు ఆమె పనిని గుర్తించిరి. ఆ యేటనే రాష్ట్రపతి పురస్కారము లభించినది; 1986లో ఆమె అమెరికా వెళ్లెను. అయితే ఈ గౌరవముల కంటె గొప్ప మార్పు పల్లెలోనే జరిగినది. ఇరుగుపొరుగువారు నేర్చుకొనవచ్చిరి, ఆమె కాదనక నేర్పెను. ఒంటరితనమున బుట్టిన రీతి క్రమముగా ఊరి విద్య యైనది. ఆమె 2007లో మరణించినను, కుమారుడును పొరుగువారును ఆ పనిని విడువలేదు.