చేప తలలో దొరికిన వానాకాలం

హైటెక్ సిటీ పక్కనున్న దుర్గం చెరువు లాంటి నిలవనీటిలో బొచ్చె, రవ్వ పిల్లల్ని వదిలితే పెరుగుతాయి. కడుపులో గుడ్లూ పడతాయి. కానీ అవి బయటికి రావు, చివరికి ఒంట్లోనే కరిగిపోతాయి. ఇవి నది చేపలు. వరద రావాలి, కొత్తనీరు పారాలి. ఆ కబురును మెదడు తన కిందున్న పీయూష గ్రంథికి అందిస్తే, గ్రంథి రక్తంలోకి హార్మోన్ వదులుతుంది. అప్పుడే గుడ్లు బయటికి వస్తాయి. చెరువులో తిండి ఉంది, జోడు ఉంది, ఆ కబురే లేదు. తెలంగాణ చెరువుల్లో వదలడానికి 2016లో మొదలైన ఉచిత చేపపిల్లల పథకం అవసరమైంది అందుకే.

ఒకప్పుడు చేపపిల్లలు కావాలంటే వానాకాలంలో నదిలో వల కట్టి పట్టుకోవాల్సిందే. పెంచాల్సిన పిల్లలూ, వాటిని మింగే జాతుల పిల్లలూ కలిసే వచ్చేవి.

నది కబురు లేకుండా గ్రంథి సారంతోనే ఆ పని చేయించవచ్చనడానికి మొదటి ఆధారం అర్జెంటీనాలో దొరికింది. 1930లో బెర్నార్డో హుస్సే, పిల్లల్ని కనే జాతి చేపకు మరో చేప పీయూష గ్రంథి సారం ఎక్కిస్తే, అది రోజులు నిండకముందే కనేసింది. కొన్నేళ్లకే బ్రెజిల్‌లో రొడాల్ఫో వాన్ ఇహెరింగ్ అదే దారిలో నది చేపల చేత గుడ్లు పెట్టించారు. మన దేశంలో హమీద్ ఖాన్ పశువుల గ్రంథితో ప్రయత్నించారు గానీ, ఆ పద్ధతి రైతుదాకా రాలేదు.

రైతుదాకా తెచ్చినవారు హీరాలాల్ చౌధురి. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో, సహచరుడు కె.హెచ్. అలికున్హితో కలిసి, చేప గ్రంథి సారంతోనే రవ్వ కుటుంబానికి చెందిన మన కార్ప్ చేపల చేత గుడ్లు పెట్టించారు. ఆ మందు తయారైన తీరు నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది. బజారులో కోసిన చేపల తలలు తెచ్చి, పుర్రె తెరిచి, జొన్నగింజంత కూడా లేని గ్రంథిని చితక్కుండా తీసి ఆల్కహాల్‌లో దాచేవారు. నూరి, తేటనీరు తీసి, ఆడచేపకు సాయంత్రం చిన్న మోతాదు, ఆరు గంటల తర్వాత పెద్దది. మగచేపకు ఒక్కటి చాలు. తెల్లవారేలోగా నీళ్లలో గుడ్లు! ఈ మందు చేసే ఏ కర్మాగారమూ లేని రోజుల్లో, మనుషులు చేతికి ఒక రుతువును తెచ్చుకున్నారు. ఆ జూలై 10 నేడు జాతీయ చేపరైతుల దినం.

1976 తర్వాత కొల్లేరు సరస్సు చుట్టూ చేపల చెరువులు విస్తరించాయి. నది మీదే ఆధారపడి ఉంటే అన్ని చెరువులకు చేపపిల్లలు ఎక్కడివి? అయితే గ్రంథులతో ఒక చిక్కుంది. ఏ తలలో మందు ఎంత బలమో ముందు తెలియదు.

ఆ చిక్కు విప్పింది కెనడాకు చెందిన రిచర్డ్ పీటర్, చైనాకు చెందిన లిన్ హావోరాన్. మెదడు గ్రంథికి ఆజ్ఞ ఇవ్వడమే కాదు, డోపమైన్ అనే రసాయనంతో దాన్ని పట్టి ఆపుతుంది కూడా. కాబట్టి ఆజ్ఞ ఇచ్చే హార్మోన్ నకలుతోపాటు డోపమైన్‌ను అడ్డుకునే మందూ కలిపి ఇవ్వాలి. అలా వచ్చిందే ఓవాప్రిమ్. అందులో ఉండేది మనం వాంతులకు వేసుకునే డోంపెరిడోనే. ఇప్పుడు హేచరీలో ఒక్క సూది చాలు. పరాయి చేప తల తెరవనక్కర్లేదు. తల్లి చేప తన గ్రంథిలోని హార్మోన్‌నే వదులుతుంది.