కవ్వం నేర్పిన పాఠం: ఆటోమాటిక్ గేరుబాక్సులో చమురును చల్లబరచిన చరిత్ర

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు పల్లెలలో వేసవికాలం మజ్జిగ చిలుకునప్పుడు ఇల్లాండ్రు కుండలో కాసిని చన్నీళ్ళు పోయుట పరిపాటి. వేడిలో వెన్న మెత్తబడి చెదరిపోవును. చన్నీళ్ళు తగిలినచో గట్టిపడి కుదురుకొనును. ఈ వేడిలో చాలా భాగం ఎండ వలన వచ్చినదే. అయినను అందులో అతి స్వల్పమైన ఒక వంతు కవ్వము వలన కూడ పుట్టినది. తాడు లాగిన చేతుల శ్రమ ఎక్కడికీ పోలేదు. మజ్జిగలో ఉష్ణముగా మారినది.

ఈ సంగతిని కొలతకు తెచ్చినవాడు ఇంగ్లండులోని మాంచెస్టరు ప్రాంతమువాడైన జేమ్స్ ప్రెస్కాట్ జౌల్. 1840లలో ఆయన ఒక పాత్రలో నీరు పోసి, అందులో రెక్కల చక్రమును అమర్చి, క్రిందికి దిగు బరువులచేత దానిని త్రిప్పించెను. అది ఒక విధమైన కవ్వమే. బరువు దిగినకొలది నీరు వేడెక్కినది. ఒక పౌను నీటిని ఒక ఫారన్‌హీటు డిగ్రీ వేడి చేయుటకు సుమారు 772 అడుగు-పౌనుల పని కావలెనని ఆయన తేల్చెను. ఈ లెక్కకు, నేటి మోటారుకారులోని ఆటోమాటిక్ గేరుబాక్సుకు దగ్గర సంబంధమున్నది.

మోటారు ఇంజను ఒక నిర్ణీతమైన వేగములోనే బాగుగా బలమునిచ్చును. బండి కదలునప్పుడు బలము ఎక్కువ, వేగము తక్కువ కావలెను. పరుగులో ఇందుకు విరుద్ధము. అందుకే గేర్లు వచ్చినవి. గేరు మార్చునప్పుడెల్ల క్లచ్చి త్రొక్కి ఇంజనును చక్రముల నుండి విడదీయవలెను. ఈ బాధ లేకుండ చేయు సాధనము మొదట కార్ల కొరకు పుట్టలేదు. ఓడల కొరకు పుట్టినది. ఆవిరి టర్బైను అతివేగముగా తిరుగును, ఓడను నడుపు ప్రొపెల్లరు మెల్లగా తిరుగవలెను. ఈ రెంటినీ కలుపుటకు జర్మనీలోని స్టెట్టిన్ నగరపు వల్కన్ ఓడల కర్మాగారములో పనిచేయుచుండిన హెర్మన్ ఫోటింగర్ 1905లో ఒక ఉపాయమునకు పేటెంటు పొందెను. ఇనుప పళ్ళకు బదులు ద్రవమే శక్తిని మోయును.

దీనిని విద్యార్థులు సులభముగా గ్రహింపవచ్చును. రెండు టేబిల్ ఫ్యానులను ఎదురెదురుగా పెట్టి, ఒకదానికి మాత్రమే విద్యుత్తు నిచ్చినచో దాని గాలికి రెండవది కూడ తిరుగును. గాలికి బదులు చమురును, ఫ్యానులకు బదులు మూసిన పెట్టెలో రెక్కల చక్రములను ఊహించుకొన్నచో అదే ద్రవ సంధానము. రెంటి నడుమ స్టేటరు అను మూడవ చక్రమును చేర్చి, తిరిగివచ్చు చమురు దిశను మళ్ళించినచో బలము కూడ హెచ్చును. దీనికే టార్క్ కన్వర్టర్ అని పేరు. బండి కదలబోవు క్షణములో ఇది ఇంజను మెలిపెట్టు బలమును సుమారు రెండింతలు చేయగలదు.

1930లో ఇంగ్లండులోని డైమ్లర్ కంపెనీ ద్రవ సంధానమును తన బండ్లలో ప్రవేశపెట్టెను. 1939లో అమెరికాలోని జనరల్ మోటార్స్ కంపెనీ, 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కార్లకు 'హైడ్రామాటిక్' అను పూర్తి ఆటోమాటిక్ గేరుబాక్సును ప్రకటించెను. రెండవ ప్రపంచ యుద్ధములో ఆ గేరుబాక్సులే అమెరికా తేలిక టాంకులలోకి ఎక్కినవి. 1953లో షెవ్రొలే కంపెనీ 'కార్వెట్' అను స్పోర్ట్స్ కారును విడుదల చేసినది. ఆ సంవత్సరము తయారైన 300 కార్లన్నిటికీ రెండు గేర్ల 'పవర్‌గ్లైడ్' ఆటోమాటిక్ గేరుబాక్సే ఉన్నది. స్పోర్ట్స్ కారుకు ఇదేమి గేరుబాక్సని వేగప్రియులు పెదవి విరిచిరి. కాని టెక్సాస్‌కు చెందిన జిమ్ హాల్ నిర్మించిన 'చాపరల్' పందెపుకారు, టార్క్ కన్వర్టర్‌తోనే 1965లో సెబ్రింగ్ పన్నెండు గంటల పందెమును, 1966లో జర్మనీలోని న్యూర్‌బుర్గ్‌రింగ్ వేయి కిలోమీటర్ల పందెమును గెలిచినది. 1967లో లె మాన్ పందెములో మాత్రము అదే కంపెనీ కారు గేరుబాక్సు చెడి నడుమనే నిలిచిపోయినది.

మెత్తని నడకకు వెల చెల్లింపక తప్పదు. ఆ వెల పేరు ఉష్ణము. రెండు చక్రముల వేగములలో తేడా ఉన్నంత కాలము చమురు చిలుకబడుచునే ఉండును. బ్రేకు త్రొక్కి బండిని నిలిపి, గేరులో ఉంచి, ఇంజను పూర్తి శక్తితో త్రిప్పినచో ఏమగునో లెక్కింతము. ఇంజను శక్తి 100 అశ్వశక్తి, అనగా సుమారు 75 కిలోవాట్లు అనుకొందము. బండి కదలలేదు కనుక ఈ శక్తి యావత్తు చమురులో ఉష్ణముగా మారును. చమురు 7 కిలోలు, దాని విశిష్టోష్ణము కిలోకు డిగ్రీకి సుమారు 2 కిలోజౌళ్ళు. అప్పుడు డిగ్రీకి 14 కిలోజౌళ్ళు చాలును. 75ను 14తో భాగించినచో సెకనుకు 5 డిగ్రీలకు పైగా! పది సెకన్లలో చమురు 50 డిగ్రీలు వేడెక్కును. జౌల్ చక్రములో నీరు కొద్దిపాటి వేడెక్కుటకే చాలాసేపు పట్టినది.

చమురు వేడెక్కిన నేమి? గేరుబాక్సులో చమురుకు మూడు పనులున్నవి: శక్తిని మోయుట, అరుగుదలను ఆపుట, వేడిని బయటికి మోసికొనిపోవుట. వేడి మితిమీరినచో చమురు గాలిలోని ప్రాణవాయువుతో కలసి చెడిపోవును. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినకొలది ఈ మార్పు వేగము సుమారు రెట్టింపగునని రసాయనశాస్త్రపు స్థూలమైన నియమము. రబ్బరు సీళ్ళు గట్టిపడి బీటలువారును. క్లచ్చి పలకల పూత మాడును. ఒకప్పుడు ఈ చమురుకు మంచి జారుడు గుణమునిచ్చుటకు స్పెర్మ్ తిమింగలపు నూనెను కలిపెడివారు. ఆ ప్రాణి అంతరించిపోవుచున్నదని 1970లలో అమెరికా దానిని నిషేధించుటతో, బదులు పదార్థముల కొరకు రసాయనవేత్తలు వెదుకవలసి వచ్చినది.

కావున వేడిని తీసివేయు దారి కావలెను. డెల్టాలోని పాత రైసుమిల్లుల ఆయిలింజనుల ప్రక్కన నీటి తొట్టి ఉండెడిది. ఇంజనును చుట్టివచ్చిన వేడినీరు పైగొట్టము ద్వారా తొట్టిలోకి పోవును. చల్లనీరు క్రింది గొట్టము ద్వారా ఇంజనుకు వచ్చును. కారులో కూడ సూత్రమిదే. కన్వర్టర్ నుండి వచ్చు వేడి చమురు ఒక గొట్టము ద్వారా రేడియేటరు తొట్టిలో దాచిన చిన్న కూలర్ గుండా పోయి, రెండవ గొట్టము ద్వారా గేరుబాక్సుకు తిరిగి వచ్చును. ఇందులో ఒక పరిమితి ఉన్నది. రేడియేటరు నీరే సుమారు 90 డిగ్రీల వేడి ఉండును; చమురు అంతకంటె చల్లబడజాలదు. అందుచేత బలమైన స్పోర్ట్స్ కార్లలో, బరువులు లాగు బండ్లలో, రేడియేటరు ముందు గాలికి తగులునట్లు మరొక కూలర్‌ను అమర్చుదురు. చమురు మొదట రేడియేటరు గుండా, తరువాత గాలి కూలర్ గుండా పోయి గేరుబాక్సును చేరును. చలికాలపు ఉదయమున చమురు మరీ చల్లబడి చిక్కబడరాదు కనుక, వేడెక్కువరకు దానిని కూలర్‌లోకి పోనీయని థర్మోస్టాట్ కవాటము కూడ మంచిది.

కృష్ణా డెల్టాలో ఈ విషయము మరింత ముఖ్యము. వేడి వదలుట చమురుకు, గాలికి గల ఉష్ణోగ్రతా భేదముపై ఆధారపడును. చమురు 100 డిగ్రీలలో ఉండగా, 20 డిగ్రీల చల్లని దేశములో ఆ భేదము 80. తెనాలిలో మే నెల మధ్యాహ్నము గాలి 42 డిగ్రీలున్నచో భేదము 58 మాత్రమే. అదే కూలర్ నూటికి 72 వంతుల పనే చేయును. తెనాలి నుండి రేపల్లె వరకు నేల చదునైనది. ఎక్కవలసిన కొండలు లేవు. బాపట్ల వైపు తిన్నని రోడ్డు మీద ముందు నుండి వీచు గాలి చమురును చక్కగా చల్లబరచును. వేడి పుట్టునది బజారులో, రైల్వేగేటుల వద్ద, నిలుచుచు కదలుచు పోవు బండ్ల వరుసలో. అక్కడ కూలర్‌కు గాలియు ఉండదు. పైగా నూర్పిళ్ళ కాలములో ఎగురు పొట్టు, దుమ్ము కూలర్ రేకుల నడుమ చేరి గాలిని అడ్డగించును. వాటిని శుభ్రపరచుట కొత్త కూలర్ కొనుట కంటె ముందు చేయవలసిన పని.

మరొక అపాయమున్నది. రేడియేటరులోని చిన్న కూలర్ తుప్పుపట్టి చిల్లిపడినచో నీరు, చమురు కలసి పాలమీగడవంటి ముద్దయగును. నీరు తగిలిన క్లచ్చి పలకల పూత ఊడిపోవును, గేరుబాక్సంతయు చెడును.

వేడి పుట్టిన తరువాత తీయుట ఒక ఉపాయము. పుట్టకుండ చేయుట అంతకంటె మేలు. 1949లో పాకర్డ్ కంపెనీ, బండి వేగమందుకొనగానే రెండు చక్రములను నేరుగా బిగించు క్లచ్చిని తన 'అల్ట్రామాటిక్' గేరుబాక్సులో చేర్చినది. అప్పుడు జారుడు లేదు, వేడియు లేదు. ఇంధనము ప్రియమైన తరువాత, 1978 నుండి క్రైస్లర్ మొదలైన కంపెనీలు ఈ పద్ధతిని మరల చేపట్టినవి. మన దేశములో ద్రవ మార్గమును, యాంత్రిక మార్గమును జోడించి డీజిల్ రైలింజనుల కొరకు 'సూరి ట్రాన్స్‌మిషన్'ను రూపొందించిన రైల్వే ఇంజనీరు మన్‌మోహన్ సూరి 1962లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి నందుకొనెను.

జౌల్ పాత్రలో వేడి ఒక సత్యమునకు సాక్ష్యమైనది. గేరుబాక్సులో అదే వేడి శత్రువైనది. శక్తి నశింపదు, కాని మనకు అక్కరలేని చోట తేలినచో, దానికొక దారి చూపవలసినది మనమే. మజ్జిగకుండలో చన్నీళ్ళు పోయు ఇల్లాలికి ఈ సంగతి లెక్కలు లేకుండగనే తెలియును.