సూదిమొన నుండి ఊపిరి దాకా

కాలేయపు లోగుట్టు తెలుసుకొనడానికి వైద్యులు మొదట నమ్ముకొన్నది సూదినే. 1883లో జర్మనీ దేశస్థుడు పాల్ ఎర్లిక్ సూదితో కాలేయపు రవ్వంత ముక్కను తీశాడు. 1958లో ఇటలీ వైద్యుడు మెంఘీని ఆ పనిని ఒక్క క్షణానికి కుదించాడు. నొప్పి, నెత్తురు పోయే ప్రమాదం మాత్రం పూర్తిగా తొలగలేదు.

మద్యం ముట్టనివారికి కూడా కాలేయంలో కొవ్వు చేరి వాపు రాగలదని 1980లో అమెరికాలోని లుడ్విగ్ బృందం పేరుపెట్టి చెప్పింది. ఊరకే తాగుబోతన్న నింద మోసినవారు ఎందరో! హైదరాబాదు విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి కలిసి చేసి 2025లో వెలువరించిన అధ్యయనంలో, పరీక్షించిన ఐటీ ఉద్యోగులలో 84 శాతం మందికి ఈ కొవ్వు కనిపించింది.

ఇందరికీ సూది గుచ్చగలమా? ఇక్కడే ఊపిరి అక్కరకు వస్తున్నది. కార్బన్-13 చేర్చిన మెథాసెటిన్‌ను తాగిస్తే, ఆరోగ్యవంతమైన కాలేయం దానిని చురుకుగా విడగొడుతుంది. ఆ కార్బన్ ఊపిరిలో బయటపడుతుంది. నీరసించిన కాలేయం జాగు చేస్తుంది. నారింజ తొక్క పరిమళానికి మూలమైన లిమోనీన్ సైతం కాలేయం గట్టిపడినవారి ఊపిరిలో హెచ్చుగా తేలుతుంది.

తొలిదశ కొవ్వును పట్టడానికి ఇది ఇంకా చాలదు. దానికి స్కానింగే దిక్కు. అయినా, నొప్పి చెప్పని ఈ జబ్బుకు, మా భావనపాడు వంటి తీరగ్రామాలలో ఊదితే తేలిపోయే పరీక్ష వస్తే అంతకన్న మేలేమున్నది?