ఉల్సాన్ నుంచి మూలపేట దాకా: రేవుపట్టణం నేర్పే ఆరోగ్య పాఠం



శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో, విశాఖ రేవులోనో అక్కడి కర్మాగారాల్లోనో పనిచేసి వచ్చిన మనిషి లేని వీధి అరుదు. ప్రభుత్వ వైద్యునిగా ఉన్న రోజుల్లో, ఆయాసంతో వచ్చిన వారిని "పొగ తాగుతారా?" అని అడిగిన తరువాత "ఎక్కడ, ఏ పని చేశారు?" అని కూడా అడిగేవాణ్ణి. చాలాసార్లు రోగకారణానికి ఆ రెండవ ప్రశ్నలోనే దారి దొరికేది. అందుకే ఈసారి ఒక వ్యాధి గురించి కాక, రేవుపట్టణాల చరిత్ర గురించి రాస్తున్నాను.

దక్షిణ కొరియా ఆగ్నేయ తీరంలో ఉల్సాన్ అనే నగరం ఉంది. 1962లో అక్కడి ప్రభుత్వం దానిని పారిశ్రామిక కేంద్రంగా ప్రకటించింది. చమురుశుద్ధి, కార్లు, ఓడల నిర్మాణం వరుసగా వచ్చాయి. చేపలు పట్టుకునే ఊరు మహానగరమైంది. దాని పక్కనే ఓన్సాన్‌లో లోహపు కర్మాగారాలు వెలిశాయి. 1985 నాటికి అక్కడి గ్రామాల్లో వందలాది మంది కీళ్ళనొప్పులతో, చర్మవ్యాధులతో బాధపడుతున్నారని బయటపడింది. ప్రభుత్వం అది కాలుష్యవ్యాధి అని ఒప్పుకోలేదు. అయినా ప్రజలను అక్కడి నుంచి తరలించాలని నిర్ణయించింది. 'ఓన్సాన్ వ్యాధి' అన్న పేరు మిగిలింది. కారణంపై వివాదమూ మిగిలింది.

ఇక మన విశాఖ సంగతి. 1933లో ఓడరేవు ప్రారంభమైంది. 1941లో సింధియా నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది పడింది. 1948లో 'జల ఉష' నీటిలోకి దిగింది. 1957లో చమురుశుద్ధి కర్మాగారం, 1960లలో ఎరువుల కర్మాగారం, ఆ తరువాత ఉక్కు కర్మాగారం వచ్చాయి. ఇవి మనవారికి అన్నం పెట్టాయి. ఆ మేలును తక్కువ చేయలేము. కానీ కొండల నడుమ పళ్ళెంలా ఉన్న ఆ నేల, గాలిలోని మలినాలను తేలికగా బయటకు పోనివ్వదు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి విశాఖను తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది.

కొరియాకూ విశాఖకూ నేరుగా ముడిపడిన విషాదం కూడా ఒకటుంది. 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలైన కర్మాగారాన్ని 1997లో కొరియా సంస్థ ఎల్‌జీ కెమ్ తీసుకుంది. 2020 మే 7 తెల్లవారుజామున అక్కడి ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి, ఆర్.ఆర్. వెంకటాపురం పరిసరాల్లో పన్నెండు మంది మరణించారు. స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి, నిరోధక రసాయనం కలపాలి. ఈ రెండూ లోపిస్తే అది తనంతట తానే వేడెక్కి మరుగుతుంది. దాని ఆవిరి గాలికంటే బరువైనది కనుక నేలకు దగ్గరగా పాకుతుంది.

ఇక్కడ మీరు గుర్తుంచుకోవలసిన మాట ఒకటి ఉంది. వాయువు లీకైతే అది వీచే దారికి అడ్డంగా పక్కకు, వీలైతే ఎత్తైన చోటికి వెళ్ళండి. ముక్కుకు తడిగుడ్డ కట్టుకున్నా అది కొంతవరకే రక్షణ. బయటపడ్డాక బట్టలు మార్చి, కళ్ళూ ఒళ్ళూ నీటితో బాగా కడుక్కోండి. ఆపై ఆలస్యం చేయక ఆసుపత్రికి చేరండి.

ఇప్పుడు మన జిల్లాకే రేవు వస్తోంది. సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. ఒకప్పుడు కళింగపట్నం, భీమునిపట్నం రేవులతో కళకళలాడిన తీరం ఇది; మళ్ళీ ఓడలు రావడం సంతోషమే. అయితే దగ్గరలోనే ఉద్దానం ఉంది. అక్కడి మూత్రపిండాల వ్యాధికి కారణం నేటికీ నిర్ధారణ కాలేదు. రేపు మూలపేట చుట్టూ జబ్బులు పెరిగితే, అవి పాతవా కొత్తవా అని తేల్చడం ఎలా?

దానికి మార్గం ఒక్కటే. పొగగొట్టం లేవకముందే చుట్టుపక్కల గ్రామాలవారి ఊపిరితిత్తుల సామర్థ్యం, రక్తంలో క్రియాటినిన్, బావుల నీటి నాణ్యత పరీక్షించి నమోదు చేయాలి. ఐదేళ్ళకొకసారి మళ్ళీ చూడాలి. ఓన్సాన్ ప్రజలు జబ్బుపడిన తరువాత కారణం కోసం వాదించవలసి వచ్చింది. మన చేతిలో ఇంకా సమయం ఉంది. ఉల్సాన్ కూడా ఒకనాడు మురికి కాలువైన తన తహ్వా నదిని శుభ్రం చేసుకుంది. 2019లో దాని ఒడ్డు జాతీయ ఉద్యానవనమైంది. చెడిపోయినదాన్ని బాగుచేయవచ్చు. కానీ చెడకముందు జాగ్రత్తపడటమే చవకైన వైద్యమని యాభై ఏళ్ళ అనుభవంతో చెబుతున్నాను. మీ గ్రామసభలో ఈ పరీక్షల కోసం అడగండి.